గోదాములో ఏసుబాబు

మండపేట, మంగళవారం రాత్రి

మేం మూటలు మోసే రైసు మిల్లు మీద రహస్య నిఘాకి మా ఇద్దర్నీ పెట్టుకున్న సివిల్ సప్లైస్ ఆఫీసరే ఏసుబాబుని ఓనరుకి అమ్మేశాడు. రేషన్ బియ్యం పాలిష్ పట్టి ఏ లారీలో దాటిస్తున్నారో వాడు ఆయనొక్కడికే వాయిస్ మెసేజ్ పెట్టాడు. దాన్నే ఈరోజు మిల్లు ఓనరు తన ఫోన్లోంచి జట్టు కూలీలందరికీ వినిపించాడు.

"పాస్టరుగారిలా ఎంత బాగా చెప్పాడో చూడండ్రా. ఒక్కొక్కరూ వచ్చి తలో దెబ్బ కానుకేసి వెళ్లండి" అన్నాడు.

నా వంతు వచ్చింది. చెయ్యి లేవలేదు. ఏసుబాబే మెల్లగా, "గట్టిగా కొట్టరా, లేకపోతే నిన్నూ పట్టేస్తారు" అన్నాడు. కొట్టాను. వాడి నోట్లోంచి రక్తం వచ్చింది. తర్వాత వాణ్ని గోదాములోకి ఈడ్చుకుపోయి తాళం వేశారు.

వాళ్లమ్మ అడిగితే లోడింగుందని అబద్ధం చెప్పాను. ఆవిడ అన్నం మూతపెట్టి కూర్చుంది.

ఆఫీసరుకి ఫోన్ చేస్తే, "నీ పేరు చెప్పలేదు కదయ్యా, సంతోషించు" అని పెట్టేశాడు.

ఇప్పుడే ఆయనకి మెసేజ్ పంపాను. ఇక్కడా రాసుకుంటున్నాను, పొద్దున్నకి భయపడి వెనక్కి తగ్గకుండా:

ఏసుబాబుని ప్రాణాలతో బయటికి రప్పించండి. తెల్లారి ఆరింటిలోగా జవాబివ్వండి. లేదంటే మీ పిల్లలు స్కూలుకి బయల్దేరే వేళకి మీ గుమ్మంలో ఉంటాను, ఏసుబాబుని ఎంతకి అమ్మారని వాళ్ల ముందే అడుగుతాను.