మూడో ముడికి మేళం లేదు

గుడివాడ, ఆదివారం రాత్రి

గూడూరు పెళ్ళికి ఇవాళ చుట్టంగా వెళ్ళాను, డోలు లేకుండా. మేళం ఎవరిదని అడిగితే పెళ్ళికూతురి బాబాయి ఫోన్ చూపించాడు. "డౌన్‌లోడ్ చేశామండీ. ఫ్రీగానే దొరికింది."

పంతులుగారు గట్టిమేళం అనగానే స్పీకర్లోంచి సన్నాయి లేచింది. రెండో ఊపిరికే గుర్తుపట్టాను. మా బావది, అక్క మొగుడిది. ఆయన పోయి మూడేళ్ళు. వెనకాల మోగుతున్న డోలు నాది. ఎప్పుడో అవనిగడ్డ వైపు పెళ్ళిలో ఎవరో రికార్డు చేసుంటారు. నా వేళ్ళు తొడమీద వాటంతటవే ఆడాయి.

బావ పెళ్ళికొడుకు చేతులే చూస్తూ వాయించేవాడు. ముడి ఆలస్యమైతే ఊపిరి తెగకుండా సాగదీసేవాడు. "మూడో ముడి పడేదాకా ఆపకురా. ఎవరి తుమ్మూ ఆ పిల్ల చెవిన పడకూడదు" అనేవాడు. ఇవాళ రెండో ముడి దగ్గరే మేళం ఆగిపోయింది. అది ఆ పాత పెళ్ళికి సరిపోయిన మేళం మరి. ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు. పెళ్ళికూతురు ఉలిక్కిపడి తలెత్తింది. ఆ చూపు నన్నింకా వదల్లేదు.

భోజనాల దగ్గర ఆ బాబాయే అన్నాడు, "వచ్చే నెల మావాడి పెళ్ళికి మీరు డోలు తీసుకురండి. సన్నాయి ఫోన్లో ఉందిగా."

నాలుగు నెలలుగా ఒక్క పిలుపూ లేదు. వస్తానన్నాను.

ఇంటికి రాగానే అక్క అడిగింది, "ఇవాళ సన్నాయి ఎవర్రా?"

"ఎవరోలే" అన్నాను.

వచ్చే నెల బావ మళ్ళీ నా పక్కన వాయిస్తాడు. ముడి ఇంకా పడలేదు బావా అని నేనెంత గట్టిగా వాయించినా వినడు.