యానాం రేవులో పలికిన పేరు

పటమట, బుధవారం.

సుధక్కకు,

నా వంకర అక్షరాలకీ, తప్పులకీ ఏమీ అనుకోకు. మేం క్షేమంగా ఇల్లు చేరాం. మోటారుసైకిల్ మీద అంత దూరమా అని అమ్మ దిగులుపడింది కదా, నడుము కూడా నొప్పి పుట్టలేదని చెప్పు.

అమలాపురంలో పెళ్లి అయ్యాక, బండిని పంటు ఎక్కించి గోదావరి దాటి యానాం చూసొచ్చాం. అది మన రాష్ట్రం కాదట! ఒకే వీధిలో తెలుగు, అరవం, ఫ్రెంచి వినిపిస్తాయక్కా! తిరిగొచ్చేటప్పుడు మీ మరిది టిక్కెట్లకు వెళ్లారు. రేవులో బ్రాందీ సీసాల కోసం బళ్లు వెతికే పోలీసు నా దగ్గరికి వచ్చాడు.

"బండెవరిది?"

"మా వారిదండి."

"పేరు?"

మా వారి పేరు నా నోటితో ఎలా చెప్తానక్కా!

"మొగుడి పేరు తెలీదా? అయితే బండి స్టేషన్‌కే!"

నాకు ఏడుపొచ్చింది. అరటిపళ్లమ్ముతున్న గౌను వేసుకున్న మామ్మ ఒకావిడ నవ్వింది. "చెప్పెయ్యవే పిల్లా! పేరు చెబితే ఆయుష్షు తగ్గేది మీ గట్టునే. మా ఆయన్ని రోజూ ఫిలిప్పూ అని కేకేశాను, తొంభై ఏళ్లు బతికాడు!"

కళ్లు మూసుకుని ఆయన పేరు రేవంతా వినిపించేట్టు అరిచాను. ఆయన టిక్కెట్లతో పరుగెత్తుకొచ్చారు. పంటు మీద "ఇంకొక్కసారి" అంటూ పిలిపించుకుంటూనే ఉన్నారు. ఇవతలి గట్టు తగలగానే నోరు మూసుకున్నాను. మళ్లీ యానాం ఎప్పుడు వెళ్దామని ఇప్పుడు రోజూ అడుగుతున్నారు!

అమ్మ మోకాలు ఎలా ఉంది? గేదె ఈనిందా? మినప వడియాలు ఎవరిచేతైనా పంపు. అమ్మానాన్నలకు నమస్కారాలు.

మా అత్తగారు ఆదివారం పామర్రు మనింటికి వస్తున్నారు, ఈలోపే ఈ కార్డు పొయ్యిలో పెట్టు. పోస్టుమాన్ శివాజీ గారు ఎలాగూ చదివే ఉంటారు, ఎవరికీ చెప్పొద్దని ఆయనకి కూడా చెప్పు.

నీ చెల్లెలు,
నాంచారి