రెండు వంకల మధ్య

కంబదూరు,
ఆగస్టు 2, 2001.

శ్రీవారికి పద్మప్రియ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. మీ ఒంట్లో బాగుందని చదివాక మనసు కుదుటపడింది. మంచు పడి దారులు మూసుకుపోయి సైనిక శిబిరంలోనే చిక్కుకుంటే దాన్ని ఇంగ్లీషులో ‘స్నోడ్ ఇన్’ అంటారని రాశారు. వానకు చిక్కుకుంటే ‘రెయిన్డ్ ఇన్’ అంటారట, బడి పంతులు యేసన్న చెప్పాడు. మన సీమలో ఆ మాటతో ఎవరికి పని అని నవ్వాడు కూడా. పోయిన నెలలోనే పనిపడింది.

మీ అమ్మ ధైర్యంగా ఉందా అని అడిగారు కదా, వినండి.

అత్త కల్యాణదుర్గంలో విత్తనానికి వేరుశెనగ కాయల మూట కట్టించుకుని బస్సెక్కింది. దారిలో కుండపోత. బస్సు ఒక వంక దాటి రెండో వంక దగ్గరికి వచ్చేసరికి ముందూ వెనకా నీళ్లే. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలని జనం తొందరపెడితే, డ్రైవరు గోవిందప్ప బస్సును నీళ్లలోకి దింపబోయాడు. మామ ముందు ఏనాడూ గొంతెత్తని అత్త, దిగి బస్సుకు అడ్డంగా నిలబడింది.

“రోడ్డు యాడుండాదో కనపడదు గోవిందప్పా. పోయేదుంటే నన్ను తొక్కుకొని పో.”

అతడు ఇంజను ఆపేశాడు. కాసేపటికి అందరూ చూస్తుండగానే వంకలో రోడ్డు సగం కోసుకుపోయింది. తిట్టినవాళ్లే వచ్చి అత్త చేతులు పట్టుకున్నారు.

ఆకలికి పిల్లలు ఏడుపు మొదలుపెడితే అత్త మూట విప్పింది. విత్తనాలు కదమ్మా అని గోవిందప్ప వారించినా వినలేదు. పెద్దవాళ్లూ మొహమాటపడుతూనే తిన్నారు.

మీరు బెంగపడతారని ఇంతసేపూ ఒక మాట దాచాను. ఆ బస్సులో నేనూ ఆశ్రితా కూడా ఉన్నాం. పాపకు జ్వరమొస్తే ఆసుపత్రిలో చూపించి వస్తున్నాం. ఇప్పుడు తగ్గి ఆడుకుంటోంది, దిగులుపడకండి. ఆ రోజు అది ఆకలితో నా కొంగు లాగుతుంటే, అత్త అందరి పిల్లలకూ పెట్టాకే దానికి పెట్టింది. నాకు కోపమొచ్చింది. అత్త నా కోపం కనిపెట్టి చెవిలో మెల్లగా అంది:

“మన బిడ్డకు ముందు పెడితే, తక్కినోళ్లు చెయ్యి చాపేదానికి సిగ్గుపడతారే.”

తెల్లారి వంక తగ్గాక నడిచి దాటి ఇల్లు చేరాం. మిగిలిన విత్తనం సగం చేనుకే వచ్చింది. పొద్దున్నే అత్త గట్టు మీద నిలబడి మొలకలు చూసి మురిసిపోతుంది. నాకు మాత్రం విత్తని ఆ సగం వైపే గర్వంగా చూడాలనిపిస్తుంది.

ఇట్లు,
మీ ఇల్లాలు
పద్మప్రియ