వాగులోకి కాన్వాసు బూట్లు

తొండియార్‌పేట, 1954, ఆదివారం రాత్రి

పుళల్ వాగులో పాప పోగొట్టుకున్న వెండి గొలుసు వెతకడానికి, మిలిటరీవాళ్లు అమ్మేసిన యంత్రమొకటి బావ తెచ్చిచ్చాడు. నీళ్లకింద లోహముంటే కూస్తుందట. పాప జ్వరంతో పోయినప్పటి నుంచి నా భార్య కమలకు, కన్నతల్లి కదా, అదే ధ్యాస.

సాయంత్రం ఇద్దరం రాయపురంలో చెప్పుల కొట్టుకు వెళ్లాం. తోలువి నానిపోతాయని, రబ్బరువి పాచిమీద జారతాయని చెప్పి కొట్టాయన కాన్వాసు బూట్లు తీశాడు. కమల తనకూ ఒక జత అడిగింది.

"నీళ్లల్లో నువ్వు దిగేదెందుకమ్మా?"

"మా పాప కాలి గొలుసు ఆడ పడిపోయిందన్నా."

"గొలుసు కావాలని ఏడస్తా ఉందా పాప?"

"ఇప్పుడు ఏడవడంలేదన్నా."

నేను ఆయన ముఖం చూడలేకపోయాను. కమలకు లేసులు కట్టుకోవడం రాదు. కింద కూర్చుని నేనే కట్టాను.

రేపు ఆ గొలుసు దొరికితే, ఎల్లుండి నుంచి ఈమె దేన్ని వెతుక్కుంటుందో...