అహ్మదీలో నువ్వు చేసిన మంచం

దాదా,

నువ్వు చేసిన మంచాన్ని ఈ రోజు కోసేశారు. నువ్వు లేవని తెలిసినా నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

చమురు బావుల కోసం ఓడల్లో యంత్రాలు దిగుతున్న తొలి రోజుల్లో నువ్వు ఈ గల్ఫ్ దేశంలో, అహ్మదీ ఊళ్లో వడ్రంగివి. ఆ యంత్రాలొచ్చిన పెట్టెల చెక్కతోనే మంచం చేశావని అబ్బా చెప్పేవాడు. పోయిన నెల అబ్బా దాని మీదే కన్నుమూశాడు. ఇక్కడే ఖననం చేశాం.

అమ్మీ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, అబ్బా మీద ఉండేది. నా జీతానికి ఆమెను నా మీదికి మార్చుకోవడం కుదరలేదు. శుక్రవారం మన ఊరు రాయచోటికి పంపేస్తున్నాను. ఇక నేను ముగ్గురితో కలిసి ఒకే గదిలో ఉంటాను. అక్కడ మంచానికి చోటు లేదు.

షువైఖ్ బజారు నుంచి పాత సామాన్లు కొనేవాళ్లు వచ్చారు. ఈ ఇంటికి మారినప్పుడు నువ్వు గదిలోనే బిగించిన కీళ్లు ఎంతకీ ఊడిరాలేదు. కోస్తే తప్ప తలుపు దాటదన్నారు. నేను వద్దన్నాను.

"కోయనీలేరా," అంది అమ్మీ. "మీ అబ్బాను ఈడ ఇడిసిపెట్టి నేనే పోతాండా. మంచం ఏం లెక్క?"

రంపం పడగానే చెక్క ఊగిపోయింది. అమ్మీ వంగి, అబ్బా తల పెట్టుకునే వైపు రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టింది.

"కాటో భయ్యా," అంది రంపం పట్టినవాడితో.

పూర్తిగా కోసేదాకా వదల్లేదు.