రాస్తే పాట పోతుందన్నాను

నరసన్నపేట,
21 ఫిబ్రవరి 2016.

చి.ల.సౌ. రాగసుధకి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం తల్లీ. అమ్మకి మోకాళ్ల నొప్పి నెమ్మదించింది, మళ్లీ రెండు పూటలా గుడికి నడిచి వెళ్తోంది. నువ్వు హాస్టల్లో వేళకి తింటున్నావనీ, గొంతుకి చలిగాలి తగలకుండా చూసుకుంటున్నావనీ అనుకుంటున్నాం.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. దిండు కింద పెట్టుకుంటే నలిగిపోతోందని అమ్మ తీసి దేవుడి గూట్లో పెట్టింది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఈ చేతులకి మృదంగం తెలిసినంతగా కలం తెలియదు. లోపలున్న సంతోషమంతా కాగితం మీదికి వస్తుందో రాదో గానీ, నువ్వు అడిగినవాటికి మాత్రం ఒక్కటీ దాటెయ్యకుండా జవాబు రాస్తాను.

డైరీ రాస్తున్నందుకు నాకింకా కోపమా అని అడిగావు. అప్పుడు వచ్చిన మాట నిజమే. పోయిన ఏడాది మీ సంగీత కాలేజీ వార్షికోత్సవంలో కీర్తన చరణం దగ్గర గొంతు ఆగిపోయి, వేదిక దిగి, నేరుగా బండెక్కి ఇంటికొచ్చేశావు. ఇంక పాడనన్నావు. తంబురా మీద కప్పిన గుడ్డ తియ్యనివ్వలేదు. మీ పద్మకుమారి మేడంగారు అమ్మతో ఫోన్లో మాట్లాడి, నిన్ను వెనక్కి రప్పించుకుని, రోజూ సాధన అయ్యాక ఒక పేజీ రాసుకోమన్నారు. దసరాకి నువ్వు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి నేను ఎగిరిపడ్డాను. మా తాతగారి నాటి నుంచీ మన ఇంట్లో విద్యంతా నోటితో చెప్పి, చెవితో పట్టుకున్నదే. కాగితం మీద పెడితే గొంతులోంచి పోతుందన్నాను. నువ్వు తల దించుకోకుండా ఒక మాట అన్నావు.

"నాన్నగారూ, నేను పాట రాయట్లేదండి. పాడతన్నప్పుడు నాకేటౌతాందో అది రాస్తన్నాను."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది.

కోప్పడకండి అని ముందే దణ్ణం పెట్టి నువ్వు రాసిన సంగతి చదివాను. నువ్వు ఆగిపోయిన ఆ కీర్తనలో చరణం తాళం దెబ్బతో పాటు మొదలవదు. దెబ్బ పడ్డాక రవ్వంత ఆగి ఎత్తుకోవాలి. ఇంట్లో నువ్వు పాడినప్పుడల్లా సరిగ్గా అక్కడ నేను ఎడమ చేత్తో ఒక చిన్న దెబ్బ వేసేవాణ్ణి, ఇప్పుడు ఎత్తుకో అన్నట్టు. నీ చిన్నప్పటి నుంచీ నాకున్న అలవాటు అది. వేస్తున్నానని నాకూ తెలియదు, దానికోసం కాచుకుంటున్నావని నీకూ తెలియదు. కాలేజీలో ఇంకొకరు వాయిస్తే ఆ దెబ్బ పడదు. దానికోసం ఆగిన పిల్లవి ఆగిపోయావు. మతిమరుపని ఒకరు, భయమని ఒకరు, దిష్టని అమ్మ, అందరం తలా ఒక పేరు పెట్టాం. గుమ్మానికి నిమ్మకాయలు కూడా కట్టాం. నువ్వు మాత్రం ఓపిగ్గా రాసుకున్న పేజీలు వెనక్కి తిప్పి, ఇంటికొచ్చిన రోజుల్లో ఒక్కసారీ తప్పలేదనీ, అక్కడున్న రోజుల్లో అదే చోట తప్పిందనీ నీ అంతట నువ్వే కనిపెట్టావు.

ఇందులో కోపానికి చోటెక్కడుంది అమ్మా. నడక నేర్పడానికి పట్టుకున్న చెయ్యి వదలడం నేను మర్చిపోయాను. నువ్వే మెల్లిగా విడిపించుకున్నావు. నేను సంతోషించాల్సిన విషయం ఇది, సంతోషిస్తున్నాను.

ఇన్నాళ్లకి నాకు తెలిసింది ఏమిటంటే, నీ ఈడు పిల్లలకి ఒక్క రోజు చెడితే బతుకంతా చెడినట్టే ఉంటుంది. ఎవరికైనా చెప్పుకుందామంటే పెద్దవాళ్లం సగం వినకుండానే తీర్పు చెప్పేస్తాం. కాగితం అడ్డు రాదు. ఈ రోజు ఏడుస్తూ రాసుకున్నది నాలుగు వారాలు పోయాక చదువుకుంటే, అది ఒక రోజు సంగతేనని తెలుస్తుంది. ఎక్కడ జారామో అదీ తెలుస్తుంది. మా రోజుల్లో మాకు ఇది చెప్పినవాళ్లు లేరు.

అందుకే నేను ఊరుకోలేకపోతున్నాను. మీ తాయారు అత్త కూతురు హైమ ఇంటర్ ప్రీఫైనల్ పరీక్షల్లో లెక్కలు తప్పి, గది తలుపేసుకుని కూర్చుంది. నేనే వెళ్లి నోటుపుస్తకం ఇచ్చి, ఎవరికీ చూపించక్కర్లేదు, మీ అమ్మకి అసలే చూపించకు అని చెప్పి వచ్చాను. నిన్న అందరితో కలిసి కూర్చుని అన్నం తిందట. ఈ సంగతి ఎదురైనవాళ్లందరికీ చెప్తుంటే అమ్మ నన్ను ఆటపట్టిస్తోంది.

"ఏటండీ, రాస్తే పాట పోతాదన్న మనిషి మీరేనా? రేపట్నించి గుడి మెట్ల మీద కూచుని నోటుపుస్తకాలు అమ్ముతారేటి?"

ఇంక ఈ ఏడాది వార్షికోత్సవం సంగతి. పొందూరు పంచె కట్టుకుని, గుళ్లో నా పక్కన సన్నాయి పట్టే కూర్మయ్యని వెంటబెట్టుకుని వచ్చి, ముందు వరుసలో కూర్చున్నాను. నువ్వు అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకున్నావు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణం వచ్చేసరికి నా ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది. కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాను. తాళం వేస్తున్న నీ చెయ్యి తొడ మీద పడింది. రవ్వంత ఆగింది. నీ పెదవులు విడ్డాయి. నువ్వు మృదంగం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మేడంగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నా జన్మకి అది చాలు అనిపించింది.

తర్వాత నువ్వు వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి, ఎలా పాడానని అడిగావు. నేను నీ తల మీద చెయ్యి పెట్టి, బండికి వేళైందని వచ్చేశాను. ఒక్క మాటైనా అనకుండా ఎందుకు వెళ్లిపోయారు, ఫోన్ చేస్తే ఎప్పుడూ అమ్మే ఎందుకు ఎత్తుతుంది, నాతో మాట్లాడటం ఇష్టం లేదా అని రాశావు. ఇన్ని కాగితాలు నింపింది ఈ జవాబు దగ్గరికి రావడానికే తల్లీ.

నాకు చెవులు వినపడటం లేదు.

రెండేళ్ల కిందట మొదలైంది. శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించుకున్నాం. నరం చచ్చుబడిందన్నారు. చెవికి మిషన్ పెట్టి చూశారు. చప్పుడు వస్తోంది గానీ అందులో స్వరం లేదు. దసరాకి నువ్వు ఎదురుగా కూర్చుని అన్న మాట సగం పెదవుల్లోనే చదువుకున్నాను. గుళ్లో కూర్మయ్య వేళ్లు చూసి వాయిస్తున్నాను. అతనికీ అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించాను. నువ్వు పాట మానేస్తానని కూర్చున్న రోజుల్లో ఈ మాట నీ చెవిన పడితే, నాన్న కోసం ఇంట్లోనే ఉండిపోతాననేదానివి. అప్పుడు నీకు కావలసింది అలాంటి సాకే. దాన్ని నేనే నీ చేతికి ఇవ్వదలచుకోలేదు.

ఇప్పుడు నువ్వు పాడేశావు. ఇంక దాచక్కర్లేదు.

ఆ రోజు నీ పాటలో ఒక్క అక్షరం నాకు అందలేదు. నువ్వు ఎలా పాడానని అడిగితే నేను ఏం చెప్పను. బాగుందంటే అబద్ధమవుతుంది. తిరుగు బండిలో కూర్మయ్య నా చెవికి నోరు ఆనించి అరిచాడు. పక్కనున్నవాళ్లు మేం దెబ్బలాడుకుంటున్నాం అనుకున్నారు.

"పంతులుగోరూ, సరణం ఎత్తుకునీదాకా నాను ఊపిరి తియ్యనేదు బాబూ. సన్నాయి ఊదీవోడ్ని, నాకే ఊపిరి సాల్నేదు."

ఏడవకు. ఇంటికొచ్చేస్తానని మాత్రం రాయకు, నేను ఊరుకోను. అమ్మ చూసుకుంటోంది, కూర్మయ్య ఉన్నాడు, నా చేతులు బాగానే ఉన్నాయి.

నాకొకటి కావాలి. ఆ రోజు సంగతి నీ డైరీలో రాసుకునే ఉంటావు. ఆ పేజీ చూపించమనను, అది నీది. నాకోసం వేరే రాయి. తాళం నా కళ్లకి అందింది. శ్రుతి నువ్వే అందించాలి. చరణం ఎత్తుకున్నప్పుడు గొంతు తంబురాతో ఎక్కడ కలిసింది, పై షడ్జం మీద ఎంతసేపు నిలిచావు, దిగేటప్పుడు నీకేమైంది, అన్నీ రాయి. ఇలా రాయడం ఇన్నాళ్లుగా నేర్చుకున్నావు, నీకు వచ్చు. ఎన్ని కాగితాలైనా పరవాలేదు. నేను మెల్లిగా చదువుతాను.

ఇట్లు,
మృదంగం ముందు పెట్టుకుని నీ జవాబు కోసం కూర్చున్న
నాన్న,
అనంతపద్మనాభం.