అమ్మ పక్కన జాగా

స్ట్రాకెల్లన్ ఊళ్ళో గళ్ల శాలువాల కొట్టు నడుపుకునే టోర్క్విల్ మాథిసన్ అనే నేను, తెలివి సరిగ్గా ఉండి, ఒకరి బలవంతం లేకుండా, చుక్క తాగకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. మంగళవారం ఇన్వర్నెస్ ఆసుపత్రిలో నా గుండె కోస్తారు. నా తెలివి మీద అక్క ఎఫీకి చిన్నప్పట్నుంచీ అనుమానమే గానీ, డాక్టరు బాగుందని రాసిచ్చాడు. బడి తొందరగా మానేసినవాణ్ణి; తప్పులుంటే దీన్ని అమలుచేసే థర్సో లాయరుగారు దిద్దుకోవచ్చు, అర్థం మార్చకూడదు.

అసలు తగువు పాత సమాధుల దొడ్డిలో అమ్మ పక్కన మిగిలిన ఒక్క జాగా గురించి. అది నా పేర ఉంది. దాని సంగతి నాలుగో అంశంలో రాశాను. ఎఫీ, ముందే అక్కడికి దూకకు.

1. కొట్టూ, అందులోని శాలువాలూ, కప్పులూ, కీచైన్లూ అక్క ఎఫీకి. మన దగ్గర ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో రకం గళ్లుంటాయి; పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల ఇంటిపేరుకు గళ్లు లేకపోతే ఉత్త చేతుల్తో పంపకూడదు. ఏ లోయవాళ్లో అడిగి ఆ లోయ గళ్లు చూపించాలి. టెక్సాస్ పెద్దాయన ఒకడు "మావాళ్లు రాజులట గదా?" అన్నాడు. "రాజుగారి గొర్రెల్ని కొట్టేసినవాళ్లండీ, అంతకన్నా గట్టివాళ్లు" అన్నాను. పొంగిపోయి రెండు శాలువాలు కొన్నాడు.

2. కొట్టు ముందు బ్యాగ్‌పైప్ ఊదే శాండీకి నా దూది డబ్బా, వినేవాళ్లకు పంచడానికి. నాన్న ఉన్ని కోటు కూడా వాడికే. చలికి వాడి వేళ్లు కొంకర్లు పోతాయి.

3. అమ్మ టీ కెటిల్ ఎఫీకి. అమ్మ పోయిన రోజే పట్టుకెళ్లింది. ఇక నుంచి న్యాయంగా వాడుకోవచ్చు.

4. అమ్మ పక్కన జాగా, కెనడా నుంచి ఏటా వేసవికి వచ్చే లోరెటా గన్‌కు.

ఆవిడ తన ముత్తవ్వ సమాధి కోసం గన్ అనే ఇంటిపేరు పట్టుకుని వేసవి తర్వాత వేసవి ఆ దొడ్డిలో తిరిగింది. ఒకనాడు వాన పడి గొడుగు కోసం నా కొట్టుకొచ్చింది. "మీ ముత్తవ్వ పుట్టింటి పేరేంటమ్మా?" అన్నాను. "అదెందుకు?" అంది. మొగుడింటి పేరు మన దగ్గర బతికున్నంతవరకే. రాతి మీద చెక్కేది పుట్టింటి పేరే. ముత్తవ్వ మొగుడు సముద్రంలో పోయాడు, అందుకే అతని పేరూ ఆ రాతి మీద లేదు. లోరెటా కెనడాలో తమ ఊరి చర్చికి ఫోన్ చేసి కనుక్కుంది: బార్బరా మెకే.

ఆ రాయి అమ్మ సమాధి ఉన్న వరసలోనే ఉంది. "దీనిమీద కూచుని రోజూ రొట్టె తిన్నాను గదయ్యా!" అని లోరెటా నవ్వింది. నవ్వుతూనే తడిగడ్డిలో కూలబడింది. జ్ఞాపకంగా ఏదైనా తీసుకెళ్లమంటే నా కొట్లో ఒక్కటీ నచ్చలేదు. అక్కడి కంచెకు చిక్కిన గొర్రె బొచ్చు తీసి రుమాల్లో కట్టుకుంది. ఇన్నేళ్ల నా వ్యాపారంలో అంత మంచి సరుకు నేను అమ్మలేదు.

ఆవిడకు వెనకా ముందూ ఎవరూ లేరు. చివరికి అక్కడే ఉండాలని ఆశ. పాత దొడ్డిలో కొత్తవాళ్లకు చోటివ్వరు. జాగా ఉన్న కుటుంబం ఇస్తే తప్ప.

"పరాయిదాన్ని తెచ్చి అమ్మ పక్కన పడుకోబెడతావట్రా, సిగ్గులేనోడా?" అని ఎఫీ మొన్న నామీద కెటిల్ ఎత్తింది. అక్కా, వాళ్ల ముత్తవ్వ అమ్మకంటే ముందే వచ్చి ఆ వరసలో పడుకుంది. అక్కడ పరాయివాళ్లం మనమే. మంగళవారం నేను బతికి బయటపడ్డా ఈ జాగా ఆవిడదే.

5. ఇక నా సంగతి. ఎఫీ, కొత్త శ్మశానంలో నీకూ బావకూ జాగాలు కొని, పక్కన మూడోది కూడా కొన్నావు, ఏదో అవసరానికి ఉంటుందని. ఆ అవసరం నేనే. చిన్నప్పుడు ఒకే మంచంలో దుప్పటి కోసం తన్నుకునేవాళ్లం గదా, బావను కాస్త అటు జరగమను. గోడవైపు నాది.

శుక్రవారం, 12 అక్టోబరు 2018, స్ట్రాకెల్లన్.

(సంతకం) టోర్క్విల్ మాథిసన్

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
ఐలీన్ సింక్లెయిర్, పోస్టాఫీసు
డనల్డ్ రీడ్, పడవల మెకానిక్